ఎర్ర బిరడా

కోటింగు సెక్షను గుమ్మం పక్కన ముక్కాలిపీట వేసి, దాని మీద అడుగు రాలిపోయిన సైలెన్సరొకటి కూర్చోబెట్టారు. కారు పొగగొట్టానికి వెనక తగిలించే డబ్బా అది. తుప్పు తినేసి సగం డొల్లయింది. దాని మెడలో అట్టముక్క ఒకటి వేలాడుతోంది. "ఇదీ మన పూత ఘనత!" అని రాసి ఉంది దాని మీద. రాయించింది మేనేజరు. ఆయనకు ఇలాంటి చమత్కారాలంటే మహా సరదా. ఎదుటివాళ్ళు నవ్వకపోతే అర్థం కాలేదేమోనని మళ్ళీ చెబుతాడు.

మంగళవారం పొద్దున్న మన్నికమ్మ ఆ దారిన ల్యాబుకు వెళుతూ టక్కున ఆగింది. ఆగింది సైలెన్సరును చూసి కాదు. తిరిగొచ్చిన అలాంటి సరుకు ల్యాబు వెనక గుట్టలా పడి ఉంది. ఆమె ఆగింది ఆ పూత కొట్టే వెండాయనను చూసి. ఆయన భుజం మీది గుడ్డ తీసి, వంగి, పీట చుట్టూ రాలిన తుప్పు పొడిని శుభ్రంగా తుడుస్తున్నాడు. పరువు తీయడానికి తెచ్చిపెట్టినదాని కింద ఊడవడం కూడా పరువు పోయినవాడి వంతే అయింది.

"అది తుడవడం కూడా మీ పనేనా బాబాయ్?" అంది ఆమె.

"గుమ్మంలో దుమ్ముంటే కాళ్ళకంటుకుని లోపలికొస్తుందమ్మా. లోపల దుమ్ముంటే పూత పట్టదు," అన్నాడాయన, గుడ్డ దులుపుకుంటూ.

అల్యూమినియం తీగను మంటలో కరిగించి, ఆ కరిగినదాన్ని గాలితో చిమ్మి సైలెన్సరు అతుకుల మీద పూత కొట్టడం ఆయన పని. సాయంత్రానికి ఆయన చేతులు, చెవులు, కనుబొమలు తళతళా మెరుస్తుంటాయి. అందుకే వెండాయన. ఇక ఆమెది ఏ రేకు వాడాలో, ఏ పూత వేయాలో పరీక్షలు పెట్టి తేల్చే ఉద్యోగం. ఎవరేం తెచ్చి చూపించినా మొదటి ప్రశ్న ఒకటే: "మన్నుతుందా?" క్యాంటీనులో కొత్త గ్లాసులు కొన్నప్పుడు కూడా అదే అడిగిందని చెప్పుకుంటారు. మన్నికమ్మ అన్న పేరు తన చెవిన పడ్డప్పుడు ఆమె కోప్పడలేదు సరికదా, కాస్త గర్వపడింది.

ల్యాబు తలుపు తీసేలోపే మేనేజరు నుంచి కబురొచ్చింది.

"రా అమ్మా, రా. నీ పంట పండింది," అన్నాడాయన కుర్చీ చూపిస్తూ. "శుక్రవారం కార్ల కంపెనీ తరఫున మనిషొస్తున్నాడు. తుప్పు గొడవ పడలేక వాళ్ళకు విసుగొచ్చేసింది. ధర పెరిగినా సరే, స్టెయిన్‌లెస్ స్టీలుకు మారిపోదాం అంటున్నారు. నువ్వు మొదట్నించీ మొత్తుకుంటున్నది అదేగా?"

ఆమె గుండె ఒక్క గంతు వేసింది. నిజమే, ఏళ్ళ తరబడి మొత్తుకుంది. ప్రతి మీటింగులోనూ స్టీలు ముక్క ఒకటి సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టేది. ఆ ముక్కను చూడగానే ఎవరో ఒకరు నవ్వేవారు.

"కాకపోతే ఒక్క మాట కావాలి," అన్నాడు మేనేజరు. "పూత విఫలమైందని ల్యాబు తరఫున నువ్వు వాళ్ళ ముందు చెప్పాలి. అంతే. మిగతాది నేను చూసుకుంటా."

"మరి కోటింగు సెక్షను?"

"స్టీలుకు పూతెందుకమ్మా? మూసేస్తాం."

"వెండాయన?"

"ప్యాకింగులో అట్టపెట్టెలు మడతపెట్టుకుంటాడు. ఈ వయసులో ఆ మంట ముందు నిలబడే బాధ తప్పుతుంది పాపం," అన్నాడు మేనేజరు. ఆ పాపం అనడంలో నిజంగానే జాలి ఉంది. అదే ఆమెకు నచ్చలేదు.

నచ్చకపోయినా సంతోషం సంతోషమే. ల్యాబుకు వెళ్ళి, సంచిలోని స్టీలు ముక్క తీసి, కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

మధ్యాహ్నం ఆమె కోటింగు సెక్షనుకు వెళ్ళింది. శుక్రవారం చెప్పబోయే మాట ఎవరి మీద పడుతుందో వాళ్ళ మొహం చూడకుండా చెప్పడం ఆమెకు చేతకాదు.

పైన కదిలే గొలుసుకు కొక్కేలున్నాయి. ఒక్కో కొక్కేనికి ఒక్కో సైలెన్సరు వేలాడుతూ వస్తోంది. వెండాయన ఎడమచేత్తో దాన్ని ఆపి, అడుగున ఉన్న బెజ్జంలో బిరడా సరిగా దిగిందో లేదో బొటనవేలితో నొక్కి చూశాడు. లోపల చేరే నీళ్ళు కారిపోవడానికి వదిలిన బెజ్జం అది. గాలి లీకవుతుందేమో చూసే పరీక్షకు ముందు దాన్ని బిరడాతో మూస్తారు. పూత కొట్టేటప్పుడు కరిగిన లోహం పోయి బెజ్జం పూడిపోకుండా ఆ బిరడాను అలాగే ఉంచుతారు. ఆయన కళ్ళద్దాలు కిందికి లాక్కుని పూత చిమ్మే గన్ను ఎత్తాడు. బుస్సుమంటూ తెల్లటి మంట. గన్ను అతుకు వెంట ఎక్కడా తొందరపడకుండా, ఎక్కడా ఆగకుండా నడిచింది. మంట ఆగేసరికి అతుకు కనిపించకుండా పోయింది.

"చూశావా, ఇప్పుడు పొగ లేదు," అన్నాడాయన అద్దాలు పైకి నెట్టి. "ఆ నల్ల రబ్బరు బిరడాలున్నప్పుడు మంట తగిలితే చాలు, కంపు, పొగ. దగ్గి దగ్గి ప్రాణం పోయేది. నువ్వీ ఎర్రవి తెచ్చి పుణ్యం కట్టుకున్నావు."

"అందుకోసమే తెచ్చాలెండి," అంది ఆమె. ఆ బిరడాల్ని ఆమె పొయ్యిలో పెట్టి, వేడి పెంచి పెంచి చూసి మరీ ఎంచింది.

ఆయన తరవాతి సైలెన్సరును ఆపకుండా వదిలేశాడు. అది పూత లేకుండానే ముందుకు పోయింది. ఆయన పనిలో అలాంటిది ఆమె ఎప్పుడూ చూడలేదు.

"మూసేస్తారటగా?" అన్నాడు. "నువ్వేమంటావమ్మా? నా పూత పనికిరాదా?"

"మీ పూతలో లోపం లేదు బాబాయ్. కానీ ఎంత మంచిదైనా పూత పూతే. స్టీలు స్టీలే."

"అంతేలే," అన్నాడాయన. వదిలేసిన సైలెన్సరు కోసం గొలుసు వెంట నాలుగడుగులు వేసి, దాన్ని వెనక్కి తెచ్చుకున్నాడు.

బుధవారం బస్సు తప్పింది. ఆమె చెల్లెలికి లాండ్రీ ఉంది. ఇస్త్రీ చేసిన బట్టల్ని తన చిన్న కారులో ఇంటింటికీ చేరవేస్తుంది. ఫోను చేయగానే వచ్చింది.

"ఎక్కక్కా. వెనక సీటు మీద డాక్టరుగారి చొక్కాలున్నాయి, వాటికి తగలకు. నలిగితే ఆయన నా నాడి చూస్తాడు."

కారు సందులోంచి బయటపడింది. ఫ్యాక్టరీకి ముందు ఎత్తు రోడ్డు ఎక్కగానే వెనకనుంచి ఏదో శబ్దం వచ్చింది. గుడగుడ. ఎత్తు దిగగానే మళ్ళీ గుడగుడ.

"ఏమిటది?"

"మా బండికి కడుపులో నీళ్ళు చేరాయి," అంది చెల్లెలు హాయిగా. "ఎక్కితే వెనక్కి పోతాయి, దిగితే ముందుకొస్తాయి. నెలలు నిండినదానిలా తిరుగుతోంది పాపం. అడుగున తుప్పు కూడా రాలుతోంది. నువ్వే కదా, మా ఫ్యాక్టరీదే వేయించుకో, మన్నుతుందీ అని దగ్గరుండి వేయించావు?"

"గేటు దగ్గర ఆపకు, ఫ్యాక్టరీ లోపలికి పోనియ్యి. సర్వీసు గొయ్యి మీద పెట్టు."

"డాక్టరుగారి చొక్కాలు..."

"డాక్టరుగారిని కాసేపు బనీనుతో ఉండమను."

ఉతికిన బట్టలతోనే ఆమె గోతిలోకి దిగింది. తల పైన సైలెన్సరు పొట్ట. ఇంజను మండించే ప్రతి చుక్క పెట్రోలులోంచీ కొంత నీళ్ళు పుడతాయి. దూరం తిరిగే బండిలో అవి ఆవిరై పోతాయి. గుమ్మం గుమ్మానికీ ఆగే బండిలో ఇంజను వేడెక్కేలోపే ఆపేస్తారు కాబట్టి సైలెన్సరులోనే చల్లబడి, పొగలోని పులుపంతా కలుపుకుని, అడుగున నిలుస్తాయి. నిలవకూడదనే ఆ బెజ్జం. ఆమె వేలితో తడిమింది. బెజ్జం తగల్లేదు. దాని చోట చిన్న బొడిపె తగిలింది. చుట్టూ ఉన్న పూత లాగే మెరుస్తోంది. గోటితో గీరింది. పల్చటి వెండి పొర రాలి, కింద ఎరుపు కనిపించింది.

ఆమె పటకారుతో పట్టి లాగింది. టప్పున ఊడింది. టీ రంగు నీళ్ళు ధారగా ఆమె మోచేతి మీదుగా కారి, రవికె చేతిని తడిపి, కిందికి పోయాయి. పుల్లటి కంపు.

గోతి అంచు మీద కూర్చుని చూస్తున్న చెల్లెలు చప్పట్లు కొట్టింది. "హమ్మయ్య! పురుడొచ్చింది. ఇంతకీ ఆడా, మగా?"

అక్క నవ్వలేదు. అరచేతిలోని బిరడాను నొక్కి చూస్తోంది. మెత్తగా ఉంది. పగుల్లేదు, గట్టిపడలేదు. కొత్తదానిలా ఉంది. ఎంత మన్నికైనదో చూడు అనుకుంది, అనుకున్న వెంటనే ఒళ్ళు చల్లబడింది.

నల్ల బిరడాల్ని ఎవరూ పీకేవారు కాదు. పీకాల్సిన పని ఉండేది కాదు. బండి మొదటిసారి వేడెక్కిన రోజునే అవి కాలి రాలిపోయేవి. పూత సెక్షనునుంచి సైలెన్సరు నేరుగా ప్యాకింగుకు పోయేది. ఆ దారిలో బిరడా పీకడమన్న పని ఎవరి పేరునా లేదు. ఎందుకంటే ఆ పని మంట చేసిపెట్టేది. ఆమె మంటకు లొంగని బిరడా ఎంచింది. దాన్ని తీయాలన్న మాట మాత్రం ఎవరికీ తట్టలేదు, ఆమెకూ తట్టలేదు.

చెల్లెల్ని పంపేసి ఆమె తిన్నగా కోటింగు సెక్షను గుమ్మానికి నడిచింది. అట్టముక్కను పీకి పీట మీద పడేసి, సైలెన్సరును చంకన పెట్టుకుని ల్యాబుకు పట్టుకుపోయింది. దారిలో ఇద్దరు ముగ్గురు నోరు తెరిచి చూశారు. చూడనీ అనుకుంది.

రంపం కింద పెట్టి అడ్డంగా కోసింది. కోసిన అంచును ఆకురాయితో నున్నగా చేసి, భూతద్దం కింద చూసింది. తుప్పు బయటనుంచి లోపలికి పోలేదు. లోపలనుంచి బయటికి వచ్చింది. రేకు లోపలివైపు కరిగి కరిగి కాగితమంత అయి, కొన్ని చోట్ల పూర్తిగా పోయింది. పోయిన చోట కూడా పైన వెండాయన కొట్టిన పూత మాత్రం గుడ్డు పెంకులా నిలబడి ఉంది. వెనక ఆధారం లేకపోయినా నిలబడి ఉంది. ఆమెకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంత మంచి పనిని పీట మీద పెట్టి వెక్కిరించారు, తను చూస్తూ ఊరుకుంది.

"పీట మీది సైలెన్సరేదమ్మా?" వెండాయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "మేనేజరు చూస్తే నేను దాచేశానంటాడు."

ఆమె కోసిన ముక్కను చేతికిచ్చి భూతద్దం జరిపింది. ఆయన చాలాసేపు చూశాడు. తరవాత బల్ల మీదున్న ఎర్ర బిరడాను, దానికి అంటుకుని ఉన్న వెండి పొరను చూశాడు. చెప్పాల్సిన అవసరం లేకపోయింది.

"దీని మీదే కొట్టుకుంటూ పోయానన్నమాట," అన్నాడు. బిరడాను వేలితో కదిపి, "నా దగ్గు కోసం తెచ్చిందే కదమ్మా ఇది," అన్నాడు.

"మీ దగ్గు ఏం పాపం చేసింది? ఎంచింది నేను."

ఆయన బిరడాను ఆమె వైపు నెట్టాడు. "చెప్పకు. ఇకనుంచి పీకేసి పంపుదాం, ఎవరికీ తెలియదు. నీ స్టీలు నీకొస్తుంది. నాకు అట్టపెట్టెలైనా ఒకటే."

"ఒకటేనా?" అంది ఆమె గట్టిగా. "నిన్న పూత లేని సైలెన్సరు వదిలేసి మళ్ళీ దాని వెనక పరిగెత్తారే, అట్టపెట్టెల వెనక అలాగే పరిగెత్తుతారా?"

ఆయన భుజం మీది గుడ్డతో కళ్ళద్దాలు తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

గురువారమంతా ఆమెకు మనసు మనసులో లేదు. మంచిపేరు పోతుందన్న భయం ఒక పక్క. రాక రాక వచ్చిన స్టీలు ఒక పక్క. పూత పోయిందనడం పచ్చి అబద్ధమా అంటే, సైలెన్సరు పోయిన మాట నిజమేగా అని మనసు లాయరులా వాదించింది. సాయంత్రం లాండ్రీకి వెళ్ళి, చెల్లెలు ఇస్త్రీ చేస్తుంటే స్టూలు మీద కూర్చుని అంతా చెప్పింది.

"చెప్పకపోతే ఏమవుతుంది?" అంది చెల్లెలు కాలరు తిప్పేస్తూ.

"ఏమీ కాదు. స్టీలొస్తుంది. నా మాట నెగ్గుతుంది."

"మరి నా బండి లాంటి బళ్ళు?"

"ఏ బళ్ళు?"

"రోడ్డు మీద తిరుగుతున్నవక్కా. నాకైతే అక్క ఉంది కాబట్టి గోతిలో దిగి పీకింది. మిగతావాళ్ళకు ఎవరు పీకుతారు? వాళ్ళ కడుపులో నీళ్ళు అలాగే గుడగుడలాడుతుంటాయా?"

ఇస్త్రీపెట్టె కింద తడిగుడ్డ చుయ్యిమంది. ఆమె లేచి, "ఆ చొక్కా ఇటియ్యి, నేను మడతపెడతా," అంది. మొహం తేటపడింది.

శుక్రవారం కార్ల కంపెనీ మనిషి వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, ప్రశ్న అడిగాక జవాబు వచ్చేదాకా కదలకుండా కూర్చునే మనిషి. మేనేజరు టీ పోయించి, ఒకటి రెండు చమత్కారాలు విసిరి, ఆమె వైపు చెయ్యి చాచాడు. వెండాయనను కూడా పిలిపించారు. ఆయన కుర్చీ ఉన్నా గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

మన్నికమ్మ సంచిలో చెయ్యి పెట్టింది. స్టీలు ముక్క తీస్తుందని మేనేజరు ముందే చిరునవ్వు నవ్వాడు. ఆమె తీసింది కోసిన సైలెన్సరు ముక్క. దాని పక్కన ఎర్ర బిరడా పెట్టింది.

"పూత చెడిపోలేదు," అంది. "ఇదిగో, చూడండి. రేకు పోయిన చోట కూడా పూత నిలబడే ఉంది. తుప్పు లోపలినుంచి వచ్చింది. లోపల నీళ్ళు నిలిచాయి. నీళ్ళు నిలవడానికి కారణం ఈ బిరడా. పాతవి వేడికి కాలిపోయేవి, ఇది కాలదు. దీన్ని తీయమని మేం ఎవరికీ చెప్పలేదు."

మేనేజరు చిరునవ్వు అలాగే ఉండిపోయింది, దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకు తెలియలేదు.

కార్ల కంపెనీ మనిషి బిరడాను వేళ్ళ మధ్య నలిపి చూశాడు. "మంచి సరుకే. ఎవరు ఎంచారు?"

"నేనే."

గోడ దగ్గర వెండాయన కదిలాడు. ఏదో అనబోయాడు. ఆమె అటు చూడకుండానే చేత్తో ఆపింది.

"స్టీలు వాడి ఉంటే?" అన్నాడు కార్ల కంపెనీ మనిషి.

ఈ ప్రశ్న కోసం ఆమె ఏళ్ళ తరబడి ఎదురుచూసింది. "ఈ బిరడాతో అయితే స్టీలు కూడా పోయేది," అంది. "కాస్త ఆలస్యంగా పోయేది. మీరు ఈ ఏడు కాకుండా ఇంకో ఏడు వచ్చేవారు. బెజ్జం తెరిచి ఉంటే ఈ రేకు, ఈ పూత చాలు. అనవసరంగా ఖర్చు పెంచుకోవద్దు. ముందు రోడ్డు మీదున్న బళ్ళన్నిటినీ పిలిపించి బిరడాలు పీకించండి. పటకారు ఉంటే చాలు, చిటికెలో అయిపోతుంది. అడుగు పల్చబడ్డ వాటికి మాత్రం కొత్తవి మేం ఇవ్వాలి."

"అమ్మా, నీ కాళ్ళు నువ్వే నరుక్కున్నావు," అన్నాడు మేనేజరు. ఆయన గొంతులో మొదటిసారి చమత్కారం లేదు.

"నరుక్కోలేదు సార్. వాటి మీదే నిలబడ్డాను," అంది ఆమె.

కార్ల కంపెనీ మనిషి కోసిన ముక్కను మళ్ళీ అందుకుని, పెంకులా నిలిచిన పూత మీద వేలు రాశాడు. గోడ వైపు తిరిగి, "ఇది కొట్టింది మీరేనా?" అని అడిగాడు. వెండాయన తలూపాడు. ఆ కంపెనీ మనిషి లేచి వెళ్ళి, ఆ మెరిసే చేతిని పట్టుకుని ఊపి, మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. అరచేతికి అంటిన వెండి పొడిని తుడుచుకోలేదు. స్టీలు మాట ఆ తరవాత గదిలో ఎవరూ ఎత్తలేదు.

అందరూ వెళ్ళాక ఆమె మేనేజరును ఒక్కటే అడిగింది. "ఆ ముక్కాలిపీట నాకివ్వండి."

"దేనికి?"

"పనుంది."

పీటను తనే మోసుకెళ్ళి ల్యాబు గుమ్మం పక్కన వేసింది. దాని మీద ఎర్ర బిరడా పెట్టింది. అట్టముక్క మీద ఏమీ రాయలేదు. అట్టముక్కే పెట్టలేదు. దారిన పోయేవాళ్ళు అడుగుతారు, చెబుతాను అనుకుంది. బాబాయికి ఒక న్యాయం, తనకొక న్యాయమా? ఆ రోజు తల ఎత్తుకునే ఇంటికి వెళ్ళింది.

శనివారం పొద్దున్న వచ్చేసరికి గుమ్మం పక్కన పీట లేదు. బిరడా కూడా లేదు. మేనేజరు పనే అనుకుని, కస్సుమంటూ కోటింగు సెక్షను వైపు నడిచింది. లోపల వెండాయన నిచ్చెన మీద ఉన్నాడు. కదలని గొలుసుకు ఉన్న కొక్కేలకు ఒక్కొక్కదానికీ పొట్టి తీగ కడుతున్నాడు. ప్రతి తీగ చివరా ఒక ఎర్ర బిరడా.

"ఏం చేస్తున్నారు బాబాయ్?"

ఆయన నిచ్చెన దిగి ఒక సైలెన్సరును కొక్కేనికి తగిలించి, తీగకున్న బిరడాను బెజ్జంలో నొక్కాడు. తరవాత సైలెన్సరును కొక్కెం నుంచి తీసి కిందికి లాగాడు. టప్పుమని బిరడా ఊడి, తీగకే వేలాడుతూ ఉండిపోయింది. సైలెన్సరు బెజ్జం తెరుచుకుని ఆయన చేతిలోకి వచ్చింది.

"ఇకనుంచి బయటికి పోదు," అన్నాడు. "మంట తగిలినా కాలదు, రోజల్లా వాడుకోవచ్చు. ఇంత మంచి వస్తువును పట్టుకెళ్ళి పీట మీద పెట్టి అవమానం చేస్తావా?"

ఆమె తీగకు ఊగుతున్న బిరడాను వేలితో ఆపింది.

"పీటేది?" అంది చివరికి.

ఆయన భుజం మీది గుడ్డ తీశాడు. గన్ను పక్కన, వెలుతురు బాగా పడే చోట ఉంది పీట. ఆయన దాన్ని గుడ్డతో శుభ్రంగా తుడిచి, ఆమె వైపు జరిపాడు.

"పీటన్నది కూర్చోడానికమ్మా," అన్నాడు. "కూర్చో. గొలుసు కదిలించాలి."